రెడీమేడ్: ముందే చేసిపెట్టినవాళ్ల లెక్క

నయాపూల్ దాటి మదీనా చౌరస్తాకు వచ్చి, పత్తర్‌గట్టి రాతి కమాన్ల వెంట చార్మినార్ వైపు నడిస్తే దుకాణాల బోర్డుల మీద ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: రెడీమేడ్. పసిపిల్లల ఫ్రాకులు, స్కూలు యూనిఫాంలు, నైటీలు, బురఖాలు, కుర్తా పైజమాలు, పెళ్లికొడుకు షేర్వానీ, అన్నీ ఆ మాట కిందికే చేరతాయి. మాట బట్టల దగ్గర ఆగలేదు. పలకలు దించి ఒక్క పూటలో నిలబెట్టే ప్రహరీని రెడీమేడ్ గోడ అంటున్నాం. ఆలోచించకుండా అప్పగించే సమాధానాన్ని రెడీమేడ్ జవాబు అంటున్నాం. కొన్న నిమిషం నుంచే వాడుకోవచ్చన్నది వీటన్నిటికీ ఉమ్మడి గుణం. దాని వెనకే మరో గుణం ఉంది: కొనేవాడు ఎవరో తెలియకముందే ఆ వస్తువు తయారైపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి కోసం ముక్కూమొహం తెలియని మనిషి చేసిపెట్టినదే రెడీమేడ్. ఈ ఏర్పాటు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నదే ఇక్కడి వాదం.

వాదించేది ఇద్దరు. ఒకరు శాలిబండలో మిషన్ పెట్టుకుని కొలతలు తీసి కుట్టే టైలర్ మాస్టర్. రెండోవారు మదీనాలో రెడీమేడ్ దుకాణం నడిపే ఆయన మేనల్లుడు. వీళ్లు ఫలానా ఇంటి మనుషులు కారు. కుట్టుపని కులవృత్తిగా ఉన్న మేర కుటుంబాల్లో ఒక తరం టేపు పట్టుకుని, తర్వాతి తరం బిల్లుపుస్తకం పట్టుకున్న చోట పుట్టే వాదానికి ఇక్కడ రెండు గొంతులు ఇచ్చాను.

ముందు మాట పుట్టుక చూడాలి. ఇంగ్లీషులో ఈ జంటపదం పదిహేనో శతాబ్దం తొలినాళ్ల నుంచే ఉంది. అందులోని 'రెడీ'ని భాషాచరిత్రకారులు స్వారీని చెప్పే పాత ధాతువుతో ముడిపెడతారు. ప్రయాణానికి అన్నీ సర్దుకుని ఉండటం దాని తొలి అర్థమై ఉంటుందని వాళ్ల ఊహ. మొదట్లో అది ముందే చేసిపెట్టిన ఏ వస్తువుకైనా చెల్లే విశేషణం. బట్టలకు అది గట్టిగా అంటుకోవడానికి ఓడలూ యుద్ధాలూ కారణం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నౌకాదళం ముందే కుట్టించిన దుస్తులను నావికులకు అమ్మేది. వాటిని స్లాప్స్ అనీ, అటువంటివి అమ్మే కొట్లను స్లాప్ షాపులనీ అనేవారు. 1846లో ఎలయాస్ హౌ, 1851లో ఐజాక్ సింగర్ కుట్టు మిషన్లకు పేటెంట్లు పొందారు. 1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల యూనిఫాంల కోసం తీసిన కొలతలు మగవాళ్ల సైజుల పట్టికలకు పునాది అయ్యాయి. అంటే ఈ మాటను బట్టల మాటగా చేసింది దొరలు కాదు. దర్జీ ముందు నిలబడే తీరికా డబ్బూ లేని నావికుడు, సిపాయి, కూలీ. ఈ సంగతి అల్లుడి వైపు బలం. ఆ స్లాప్స్ కుట్టిన లండన్ ఆడవాళ్ల ఆకలి బతుకు మీద థామస్ హుడ్ 1843లో రాసిన చొక్కా పాట ఇంగ్లండును కదిలించింది. ఆ సంగతి మామ వైపు బలం. ఇక వాళ్లనే విందాం.

మామ: అల్లుడా, నేను చొక్క కుట్టేటప్పుడు పక్క కుట్ల లోపల గుడ్డ జర ఎక్కువ ఇడిసి కుడ్త. ఎందుకంటే మనిషి ఇయ్యాల ఉన్నట్టు రేపు ఉండడు. పిలగాడు ఎత్తు పెరుగుతడు, పెద్దోడు లావైతడు. రెండేండ్లకు అదే చొక్క తెస్తే పాత కుట్టు ఇప్పి, లోపలి గుడ్డ బయటికి తీసి, కొత్త కుట్టు ఏసి ఇస్త. మీ రెడీమేడ్ చొక్కను తిప్పి చూడు. అంచు దాక గుడ్డ కోసి ఓవర్‌లాక్ కొట్టి ఉంటది. బిగువు చెయ్యమంటే చెయ్యొచ్చు, వదులు చెయ్యమంటే లోపల గుడ్డ ఏది? ఎయ్యి చొక్కల మీద ఇంచు ఇంచు మిగిలిస్తే థానుకు థానే మిగులుతది, ఆ లెక్క నాకు తెల్వంది కాదు. కానీ ఆ మిగులు ఎవరి నుంచి తీసింది? తొడుక్కునేటోని రేపటి నుంచి. ఇంకోటి చెప్త. ఏ మనిషికీ రెండు భుజాలు సమంగ ఉండయి. సంచి మోసేటోని ఒక భుజం కిందికి ఉంటది, రోజంత మిషన్ తొక్కేటోని వీపు వంగి ఉంటది. టేపు పట్టుకున్నోనికి అది ఎరుక. సైజు నంబరుకు ఎరుక లేదు. రెడీమేడ్ అంటే మనిషిని నంబరు చేసుడు. నేను అనేది అదే.

అల్లుడు: నీ మాట అబద్ధం కాదు మామా. కానీ నువ్వు చెప్పే చొక్క ఎంత మందికి దొరికింది? కుట్టించుకోవాల్నంటే ముందుగాల గుడ్డ కొనాలె, తర్వాత కుట్టుకూలి ఇయ్యాలె, వారం పది దినాలు ఆగాలె, కొలతలకు ఒకసారి, ట్రయలుకు ఒకసారి, తీసుకపోనీకి ఒకసారి తిరగాలె. రోజుకూలి మీద బతికేటోనికి ఒక్క తిరుగుడు అంటే ఒక్క పూట కూలి పోయినట్టు. రంజాన్ సగం కాకముందే టైలర్ల దుకాణాల మీద 'ఆర్డర్లు బంద్' అని బోర్డు పడ్తది. చాంద్‌రాత్ నాడు చేతికి పైసలొచ్చిన తండ్రి నీ దగ్గరికి వస్తే ఏం చేస్తవ్? నా దగ్గరికి వస్తే ముగ్గురు పిల్లలకు మూడు జతలు తీసుకొని రాత్రికే ఇంటికి పోతడు. లాల్‌దర్వాజ బోనాలకైనా, దసరాకైనా అంతే. కొలత తీసి కుట్టించిన బట్ట ఉన్నోని హక్కుగ ఉండే. పండుగ నాడు కొత్త బట్ట అందరికీ దొరికేటట్టు చేసింది రెడీమేడ్. ఆ నంబరే లేకుంటే చానామందికి ఇంకొకడు తొడిగి ఇడిసిన బట్టనే గతి. మనిషిని నంబరు చేసిందని నువ్వంటున్నవ్, లేనోన్ని లెక్కలకు తెచ్చిందని నేనంటున్న.

మామ: లేనోనికి బట్ట దొరకొద్దని నేనెందుకంట? పద్ధతి ఎక్కడిదో చూడమంటున్న. తెల్లోడు తన ఓడలకు, తన ఫౌజులకు చేసుకున్న ఏర్పాటు ఇది. మాట ఇంగ్లీషు, మిషన్ ఇంగ్లీషు, సైజు ఇంగ్లీషు. మన తాన ఏదైనా అడిగి చేయించుకునుడే ఉండె. కుమ్మరికి చెప్తే కుండ, అవుసులాయనకు చెప్తే ముక్కుపుల్ల, మేరాయనకు చెప్తే రవిక. ఎవరికి చేస్తున్నమో తెలిసి చేసినం. అడిగెటోడు రాకముందే చేసి కుప్ప పోసుడు మన తాన లేకుండె.

అల్లుడు: అది మాత్రం నేను ఒప్పుకోను. చార్మినార్ కట్టిన 1591 దరిదాపుల సంగతి చూడు. ఉత్తరాన అక్బర్ కొలువు గురించి అబుల్ ఫజల్ ఐనె అక్బరీల రాసి పెట్టిండు: ఒక్కో కాలానికి ఎయ్యి జతల దుస్తులు బాద్‌షా తోషాఖానా కోసం కుట్టించేటోళ్లు, అండ్ల నూట ఇరువై జతలు పన్నెండు మూటలు కట్టి ఎప్పటికీ తయారుగ పెట్టేటోళ్లు. కొలువుల మెప్పు పొందినోనికి ఇచ్చే ఖిలత్ కూడా అట్లనే. ఎవనికి ఇస్తరో తెల్వకముందే కుట్టు అయిపోయి ఉంటది. మన పక్కనే లాడ్‌బజార్ చూడు. లక్క గాజులు ఎవరి చెయ్యి చూసి చేసినయి? 2.4, 2.6, 2.8 అని కట్టలు కట్టి పెడ్తరు. 2.4 అంటే రెండించుల మీద ఇంచుల పదహారో వంతులు నాలుగు. అందుకే 2.10 గాజు 2.8 కన్న పెద్దది. సైజు పట్టిక అంటే ఇదే కదా. ఇగ మాట సంగతంటవా, ఉర్దూల సిలే సిలాయే కప్డే అంటరు, కుట్టి పెట్టిన బట్టలని. మనం పొద్దున్నుంచి రాత్రి దాక అనే 'తయారు' కూడా అరబ్బీ, ఫారసీ దారిల వచ్చిందే. కలకత్తా మెటియాబ్రూజ్ ఇయ్యాల దేశానికి రెడీమేడ్ కుట్టి పంపుతున్నది. 1856ల గద్దె పోయి అక్కడికి చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వెంట వచ్చిన దర్జీల నుంచి ఆ పని పెరిగిందని ఆ ఊరోళ్లే చెప్పుకుంటరు. నవాబుకు కుట్టిన చేతులే బజారుకు కుట్టినయి. ఇంగ్లీషోడు పేరు ఇచ్చిండు గానీ పని మనది.

మామ: మంచి సాక్ష్యమే తెచ్చినవ్. కానీ నీ సాక్ష్యమే నా మాట చెప్తున్నది చూడు. ఆ కాలపు జామాకు గుండీలు లేవు, నాడాలు ఉండె. నాడా ఎంత దగ్గరికి కట్టుకుంటే ఒంటికి అంత సరిపోయింది. గాజులు కట్టలుగ ఉంటయి నిజమే, కానీ అమ్మేటోడు ఆడబిడ్డ చెయ్యి ఒత్తి చూసి, ముణికెలు దాటుతదా లేదా అని చూసి తొడుగుతడు. లక్క గాజు సరిపోకుంటే నిప్పుల మీద జర కాక చూపించి సైజు మార్చి ఇస్తడు. చీర సంగతి చూడు, మగ్గం దిగంగనే తయారు, కత్తెర ముట్టేది లేదు, పొట్టి పొడుగు అందరికీ ఒక్కటే చీర. కుచ్చిళ్లు ఎన్ని పోసుకోవాల్నో కట్టుకునేటామె చేతుల ఉంటది. పాత తయారు సరుకు మనిషికి కొంత జాగ ఇడిసింది. ఇప్పటి సైజు ఇడువదు. ఆ సైజు కూడా ఎవరి ఒంటిది? అమెరికాల వ్యవసాయ శాఖ 1939, 40ల పదిహేను వేల మంది దాక ఆడోళ్ల కొలతలు తీసి, 1941ల పుస్తకమేసింది. అండ్ల తెల్లజాతి ఆడోళ్ల కొలతలే లెక్కకు పట్టిండ్రు. అసొంటి పట్టికలు చూసి మన తాన మీడియం, లార్జ్ అని గీత గీస్తే, మన పిల్ల ఆ గీతకు సరిపోకుంటే తప్పు పిల్లదా, గీతదా?

అల్లుడు: గీతదే. దాన్ని దిద్దుకుంటున్నరు కూడా. ఫ్యాషన్ చదువు చెప్పే నిఫ్ట్ సంస్థ ఇండియాసైజ్ అని పని పట్టింది. ఆరు నగరాలల్ల పాతికవేల మందిని స్కానర్ల ముందు నిలబెట్టి కొలతలు తీసే పని. ఆ ఆరు నగరాలల్ల హైదరాబాద్ ఒకటి. మన ఒళ్లకు మన పట్టిక వస్తే నువ్వు చెప్పిన కష్టం చానా తీరుతది. అప్పటి దాక మా దుకాణం మెట్ల మీద ఆల్టర్ మిషన్ ఉండనే ఉన్నది. ప్యాంటు కింద మడిచి కుట్టుడు, నడుము బిగించుడు, చేతులు పొట్టి చేసుడు, పది నిమిషాల పని. రెడీమేడ్ టైలర్‌ను తీసెయ్యలేదు మామా, గుమ్మం కాడ కూసోబెట్టింది. నువ్వు చెప్పిన తప్పులన్నీ కొలతల తప్పులు. కొలత దిద్దుకోవచ్చు. కొలత తప్పిందని పద్ధతినే తప్పంటే ఎట్ల?

ఇక్కడిదాకా వాదం తొడుక్కునే మనిషి చుట్టూ తిరిగింది. ఆ పరిధిలో అల్లుడిదే పైచేయి అని నా అభిప్రాయం. సరిపోని సైజు అసౌకర్యమే గానీ అన్యాయం కాదు. పైగా పండగనాడు పిల్లలకు కొత్త బట్ట అందడం ముందు భుజం దగ్గర అరంగుళం తేడా పెద్దది కాదు. ముందే చేసిపెట్టడం మన బజారుకు కొత్త కాదన్నదీ నిజమే. పేరు పరాయిదైనంత మాత్రాన పని పరాయిది కాదు. మామ వాదానికి అసలు బలం మరోచోట ఉంది. రెడీమేడ్ వస్తువు కొనేవాడికి చేసినవాడు కనపడడు. కనపడనిచోట ఏం జరుగుతుందన్నది సైజుల పట్టిక దిద్దుకుంటే తీరే ప్రశ్న కాదు. ఆయన ఆ వైపే తిరిగాడు.

మామ: సరే, కొలత సంగతి ఇడిసిపెడ్త. చేతుల సంగతి చెప్పు. నా దగ్గరికి గిరాకీ వస్తే నన్ను చూస్తడు. నా కండ్లద్దాలు చూస్తడు, నా ఎనక కూసోని కాజాలు కుట్టే పిలగాన్ని చూస్తడు. మీ దుకాణంల ఎవరిని చూస్తడు? ధర చూస్తడు, సైజు చూస్తడు. 2013 ఏప్రిల్ 24 నాడు బంగ్లాదేశ్‌ల రాణా ప్లాజా కూలి పదకొండు వందల మందికి పైన చచ్చిపోయిండ్రు. గోడలు పగుళ్లిచ్చినయని ముందు రోజే తెలిసినా లోపలికి పంపిండ్రు. వాళ్లు కుట్టిన బట్టలు తొడుక్కునేటోళ్లు ఎక్కడో యూరపుల, అమెరికాల ఉన్నరు, వాళ్లకు ఎరుక లేదనుకో. మరి మనకో? 2015 జనవరిల తలాబ్‌కట్ట, భవానీనగర్ దిక్కు పోలీసులు సోదాలు చేస్తే గాజుల కార్ఖానాలల్ల నుంచి రెండు వందల మందికి పైన పిల్లలు బయటపడ్డరు. శాన మంది బీహార్ నుంచి తెచ్చినోళ్లు. లాడ్‌బజార్ల మెరిసే గాజుల మీద రాళ్లు అద్దింది ఆ పిల్లల చేతి ఏళ్లే. లాడ్‌బజార్‌కు తలాబ్‌కట్ట ఎంత దూరం? నడిచి పోయేటంత. సముద్రం అడ్డం లేదు, భాష అడ్డం లేదు. అయినా గాజు తొడుక్కున్న ఆడబిడ్డకు ఆ పిలగాడు కనవడలేదు. తయారు సరుకు చేసే పాపం ఇదే. చేసినోన్ని మాయం చేస్తది.

అల్లుడు: ఆ పిల్లల గురించి నేను ఎదురు మాట్లాడ మామా. అది నేరం, నేరమనే అంట. కానీ మాయం చేసింది రెడీమేడ్ అంటున్నవ్ చూడు, ఆడ నన్ను అడగనియ్యి. నీ ఎనక కాజాలు కుట్టే పిలగాడు అన్నవ్. ఈ ఊర్ల ఏ టైలర్ దుకాణంలనైనా కాజా బటన్ పనితోనే పిల్లలు పనిల చేరిండ్రు, బడికి పోయేటి వయసుల చేరిండ్రు. గిరాకీ కొలతలు తీసేది మాస్టర్, కట్టింగ్ చేసేది మాస్టర్, కుట్టేది ఎనక కూసున్న కారీగర్. కాలర్ ఎనక లేబుల్ మీద ఎవరి పేరుంటది? మాస్టర్ దుకాణం పేరు. కారీగర్‌కు పీసుకు ఇంత అని ఇచ్చుడు మీ తాన లేదా? ఎదురుంగ ఉన్నా కనపడనోళ్లు మీ దుకాణంల కూడా ఉన్నరు. ఇంకో మాట. పాతబస్తీల ఇంటి గడప దాటి పనికి పోలేని ఆడోళ్లు ఎంత మంది? దుకాణంల మిషన్ ముందు కూసునే వీలు వాళ్లకు ఎవరిచ్చిండ్రు? రెడీమేడ్ వచ్చినంకనే జాబ్ వర్క్ ఇంటికి వచ్చింది. ఫాల్ కుట్టుడు, కార్చోబ్ జరీ పని, గాజులకు రాళ్లు అద్దుడు ఇంట్ల కూసోని చేస్తున్నరు. నాలుగు పైసలు వాళ్ల చేతికి వస్తున్నయి. నువ్వు కాపాడాల్నంటున్న పాత పద్ధతిల వాళ్లకు జాగనే లేకుండె.

మామ: నిజం. కాజా పిలగాని సంగతి నా మీదికి తెచ్చినవ్, ఒప్పుకుంట. కారీగర్ పేరు ఏ టైలరూ లేబుల్ మీద ఎయ్యలేదు. కానీ ఒక్క తేడా ఉన్నది. నా దుకాణంల జరిగే తప్పును అడిగెటోనికి అడిగే జాగ ఉన్నది. పిలగాన్ని చూసి 'బడికి పంపవా మాస్టరూ' అని గిరాకీ అనొచ్చు. ఇంట్ల రాళ్లు అద్దే ఆడబిడ్డను ఎవరు అడుగుతరు? ఆమెకు సరుకు తెచ్చిచ్చేది మధ్యవర్తి, తీసుకపోయేది మధ్యవర్తి, పీసు రేటు చెప్పేది మధ్యవర్తి. ఏ దుకాణానికి చేస్తున్నదో ఆమెకే తెల్వదు. ఇంట్ల కూసోని చేసే పని కూడా పనే, వాళ్లకు కూడా మిగిలిన పనోళ్లతో సమానంగ హక్కులుండాలె అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996ల ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇంటికి పని వచ్చిందని నువ్వు సంబురపడ్తున్నవ్. పనితో పాటు ఇంటి కిరాయి, కరెంటు బిల్లు, కండ్ల నొప్పి, నడుం నొప్పి కూడా ఆమె లెక్కల్లకే వచ్చినయి.

అల్లుడు: మరి నన్నేం చెయ్యమంటవ్? నేను పీసుకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తే పక్క దుకాణం రెండు రూపాయలు తక్కువకు అమ్ముతది. జిల్లాల నుంచి వచ్చే హోల్‌సేల్ గిరాకీ డజను మీద ఐదు రూపాయల కాడ బేరం ఇరగ్గొట్టుకొని ఎళ్లిపోతడు. తిరుపూరు బనీన్లు, ఢిల్లీ గాంధీనగర్ ప్యాంట్లు, కలకత్తా ఫ్రాకులు అన్నీ ఈ గల్లీలకే వచ్చి పోటీ పడ్తయి. 2000 సంవత్సరపు జౌళి విధానంల రెడీమేడ్ బట్టలను చిన్న పరిశ్రమల కోటా నుంచి తీసేసిండ్రు, 2005 జనవరి నుంచి ప్రపంచ బజార్ల కోటాలు కూడా పోయినయి. పెద్ద ఫ్యాక్టరీల ముందు నేనెంత? ఒక్కణ్ని మంచిగుంటే దుకాణం మూసుకోవాలె. దుకాణం మూస్తే నా మీద ఆధారపడ్డ ఆ ఇండ్లల్ల పొయ్యి కూడా ఆరిపోతది. మంచి చెప్పుడు అల్కగ ఉంటది మామా, సరుకు కదిలించి చూడు.

అల్లుడి చివరి ప్రశ్న నిజాయితీ గలది. దానికి జవాబు చెప్పకుండా మామను గెలిపించడం సరికాదు. జవాబు వెతకడానికి ముందు ఈ మాట ఇరవయ్యో శతాబ్దంలో పట్టిన ఒక విచిత్రమైన దారిని చూడాలి. ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ దుషాంప్ 1915లో అమెరికా చేరాక ఈ ఇంగ్లీషు మాటనే తన కళకు పేరుగా తీసుకున్నాడు. బజారులో దొరికే వస్తువును ఎంచుకుని దాన్నే కళాఖండంగా నిలబెట్టడం ఆయన పద్ధతి. 1917లో న్యూయార్క్ ప్రదర్శనకు పంపిన పింగాణీ మూత్రపు తొట్టి, దానికి ఆయన పెట్టిన ఫౌంటెన్ అనే పేరు, ఆధునిక కళాచరిత్రలో అందరూ చెప్పుకునేవే. వస్తువును చేయడం కంటే ఎంచుకోవడమే గొప్ప పని కావచ్చని ఆయన వాదం. ఆ వాదాన్ని వందేళ్లుగా పండితులు చర్చిస్తున్నారు. ఆ తొట్టిని అచ్చులో పోసి కాల్చిన కార్మికుడి పేరు మాత్రం చరిత్రకు అందలేదు. ఎంచుకున్నవాడికి పేరు దక్కింది, చేసినవాడికి దక్కలేదు. మదీనాలో సరుకు ఎంచి తెచ్చే దుకాణదారు పేరు బోర్డు మీద ఉండి, కుట్టినవాళ్ల పేరు ఎక్కడా లేకపోవడం కూడా అదే. ఎంపికకు విలువ ఇచ్చే అలవాటు మనలో బలపడ్డకొద్దీ తయారీకి విలువ ఇచ్చే అలవాటు సన్నగిల్లింది. 'రెడీ'ని గట్టిగా పలుకుతున్నాం, పక్కనే ఉన్న 'మేడ్'ను మింగేస్తున్నాం. సిలే సిలాయే అన్న ఉర్దూ మాటలో కనీసం కుట్టు వినిపిస్తుంది.

కాబట్టి నా నిర్ణయం ఇది. రెడీమేడ్ మంచిదా, కొలత తీసి కుట్టింది మంచిదా అన్నది తప్పుడు ప్రశ్న. రెండు చోట్లా కారీగర్ కనపడకుండా పోవచ్చని అల్లుడు రుజువు చేశాడు. కనపడకుండా పోయినవాడికి రెడీమేడ్‌లో అడిగే చోటు కూడా మిగలదని మామ రుజువు చేశాడు. ఈ రెండు సాక్ష్యాలనూ కలిపి చదివితే తేలేది ఒకటే. ముందే చేసిపెట్టడంలో తప్పు లేదు. చేసినవాళ్ల లెక్కను వస్తువు నుంచి విడదీయడమే తప్పు. కొలతలు తీసుకునే చోట మనిషికీ మనిషికీ మధ్య ఉన్న జవాబుదారీ ఎదురుగా కూర్చోవడం వల్ల దానంతటదే కొంత నిలబడుతుంది. రెడీమేడ్‌లో అది దానంతటదే నిలబడదు. ఏర్పాటు చేసి నిలబెట్టాలి. ఆ ఏర్పాటు చేయనంతకాలం తక్కువ ధరలో ఒక భాగం ఎవరో తెలియని మనిషి కంటిచూపు నుంచో, పిల్లాడి బడి నుంచో తీసిన అప్పే. ఆ అప్పు కొన్నవాడికి తెలియకుండా వాడి పేరు మీద నడుస్తుంటుంది.

ఒక్కడు మంచిగా ఉంటే దుకాణం మూసుకోవాలన్న అభ్యంతరానికి జవాబు రాణా ప్లాజా తర్వాతి చరిత్రలోనే ఉంది. ఆ ప్రమాదం జరిగిన నెల తిరగకముందే బట్టల బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి అగ్నిప్రమాద, భవన భద్రత ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఒకరితో ఒకరు పోటీపడే 200కు పైగా కంపెనీలు అందులో చేరాయి. అది మాటవరస హామీ కాదు, చట్టబద్ధంగా కట్టిపడేసే ఒప్పందం. ఫ్యాక్టరీలను స్వతంత్రంగా తనిఖీ చేసి, ఏ ఫ్యాక్టరీలో ఏ లోపం ఉందో బయటపెట్టారు. ఒక్కొక్కరుగా చేయలేని పని అందరూ ఒకే గీత గీసుకుంటే చేయగలిగారు. పక్కవాడు తక్కువకు అమ్ముతాడన్న భయం అందరికీ ఒకే కనీస రేటు ఉన్నప్పుడు పోతుంది. పదకొండు వందల ప్రాణాలు పోయాక ఢాకాలో సాధ్యమైనది, ఏ ప్రాణమూ పోకముందే పత్తర్‌గట్టి, మదీనా, లాడ్‌బజార్ వర్తక సంఘాలకు ఎందుకు సాధ్యం కాదు? పాతబస్తీకి ఒక వీలు కూడా ఉంది. లండన్ దుకాణానికీ ఢాకా ఫ్యాక్టరీకీ మధ్య ఖండాలున్నాయి. ఇక్కడ దుకాణానికీ కార్ఖానాకూ మధ్య కొన్ని గల్లీలే ఉన్నాయి. తనిఖీకి విమానం ఎక్కనక్కర్లేదు.

ఏం చేయాలో కూడా స్పష్టంగానే చెప్పొచ్చు. కాజాకు, ఫాల్‌కు, రాళ్లద్దకానికి, కార్చోబ్ పనికి కనీస పీసు రేటును వర్తక సంఘాలు, ఇంటి పనివాళ్లు కలిసి తేల్చుకోవాలి. అది సరుకు బిల్లు మీద ఒక వరుసగా కనపడాలి. పని పంపే మధ్యవర్తి దగ్గర ఎవరికి ఎన్ని పీసులు ఇచ్చాడో రాసిన చిట్టా ఉండాలి. దాని నకలు పని చేసినామె దగ్గర కూడా ఉండాలి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, ఊరిలో గాజు చేసిన మనిషిని కాపాడదు. కార్ఖానా పేరు, అక్కడ పిల్లలు పని చేయడం లేదన్న పూచీ గాజుల డబ్బా మీద ఉంటేనే ఆ గుర్తింపు పూర్తవుతుంది. ధర పెరుగుతుందనే మాట వస్తుంది. ప్రపంచ బ్రాండ్ల చొక్కా ధరలో కుట్టినవాళ్ల కూలి చాలా చిన్న వాటా అని ఎన్నోసార్లు తేలింది. ఆ వాటా కాస్త పెరిగినంత మాత్రాన చాంద్‌రాత్ నాడు వచ్చిన తండ్రి ఖాళీ చేతులతో పోడు. ఒకవేళ ధర కాస్త పెరిగినా, తన పిల్లల పండగ కోసం ఇంకొకరి పిల్లాడి బడి పోవాలని ఏ తండ్రీ కోరుకోడు. అది తెలియకుండా కొనే పరిస్థితిలో అతన్ని పెట్టడమే అతనికి చేసే అన్యాయం.

మామ టేపు పక్కన పెట్టనక్కర్లేదు, అల్లుడు దుకాణం మూయనక్కర్లేదు. కొలతలు తీసి కుట్టేవాడు కారీగర్ పేరు లేబుల్ మీద వేయాలి. ముందే కుట్టించి అమ్మేవాడు కుట్టుకూలి బిల్లు మీద వేయాలి. కొనే మనం ధర అడిగిన నోటితోనే ఆ కూలి ఎంతో అడగాలి. మదీనాలో పండగ బేరానికి నిలబడిన వందమందిలో పదిమంది ఆ ప్రశ్న వేస్తే, మరుసటి పండగకు దుకాణదారు జవాబు సిద్ధం చేసుకోక తప్పదు.